ఒక విమానానికి తోక ఉంటుంది, ఇంకోదానికి ఉండదు, ఎందుకంటే

జనవరిలో ఒకరోజు పొద్దున్నే ఆరున్నర కావస్తోంది, చెన్నై వేళచ్చేరిలో మా అపార్ట్‌మెంట్ మేడ మీద నేనూ మా అక్క కొడుకూ నిలబడి ఉన్నాం. వాడు సంక్రాంతి సెలవులకి నెల్లూరు నుంచి వచ్చాడు, పదేళ్లుంటాయి. సూర్యుడు ఇంకా పైకి రాలేదు, ఆకాశం కడిగినట్టుంది. రెండు విమానాలు ఒకేసారి కనిపించాయి, ఒకటి సముద్రం వైపు పోతోంది, దాని వెనకాల తెల్లగా బారెడు తోక. ఇంకోటి ఎదురుగా పడమటికి పోతోంది, దానికేమీ లేదు, చిన్న చుక్కలా మెరుస్తూ వెళ్లిపోయింది. "మామా, దానికి తోక ఉంది కదా, దీనికెందుకు లేదు?" అన్నాడు వాడు. ఫోన్‌లో విమానాల ఎత్తూ దారీ చూపించే ఫ్లైట్‌రాడార్ యాప్ తీసి చూశాం. తోక ఉన్నది 39,000 అడుగుల్లో ఉంది, లేనిది 32,000 అడుగుల్లో ఉంది. రెండూ ఇంచుమించు ఒకే సైజు విమానాలు, రెండిటికీ రెండేసి ఇంజన్లే.

వాడికి అప్పుడు నేను సగమే చెప్పగలిగాను. ఆ తర్వాత కూర్చుని చదివాను, రోజూ మేడెక్కి చూశాను, ఇప్పుడు మొత్తం రాస్తున్నా. ఎందుకంటే ఈ తోకలు విమానాలు కావాలని చల్లే విషమని మన ఫోన్లలో తిరిగే మెసేజ్‌లు చూస్తే చాలా బాధగా ఉంటుంది, అసలు విషయం వాటికంటే ఎంతో బాగుంటుంది కూడా.

మా ఊళ్లో చిన్నప్పుడు దీన్ని రాకెట్ పొగ అనేవాళ్లం. అది రాకెట్టూ కాదు, పొగా కాదు. జెట్ ఇంధనం అంటే కిరసనాయిలు జాతిదే, అందులో హైడ్రోజన్ ఉంటుంది, అది మండితే నీళ్లవుతుంది. ఒక కిలో ఇంధనం కాలితే దాదాపు కిలోంబావు నీటి ఆవిరి బయటికొస్తుంది, గాలిలోని ఆక్సిజన్ కలుస్తుంది కాబట్టి ఇంధనం బరువు కంటే నీటి బరువే ఎక్కువన్నమాట. ఆ ఆవిరి చల్లగాలిలో కలిసి ముందు సన్నటి నీటి బొట్లుగా మారి, వెంటనే గడ్డకట్టి మంచు పలుకులవుతుంది. మనం చూసే తెల్లగీత ఆ మంచు పలుకులే. హార్స్‌లీ హిల్స్‌లోనో లంబసింగిలోనో చలికాలం తెల్లవారుజామున నోరు తెరిచి ఊదితే తెల్లగా వస్తుంది చూడండి, అదే ఇది. చెన్నైలో మన నోట్లోంచి అలా ఎప్పుడూ రాదు, ఎందుకంటే ఇక్కడ గాలి అంత చల్లబడదు. ఊపిరిలో ఆవిరి అక్కడా ఇక్కడా ఒకటే, తేడా అంతా బయటి గాలిదే. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే మిగతా సంగతంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

విమానానికీ తోకకీ మధ్య కొంచెం ఖాళీ కనిపిస్తుంది, గమనించారా? కుక్కర్ విజిల్ వేసేటప్పుడు విజిల్ అంచున వేలెడు మేర ఏమీ కనపడదు, ఆ పైనే తెల్లటి ఆవిరి మొదలవుతుంది. ఆ ఖాళీలో ఉన్నదే అసలైన ఆవిరి, అది కంటికి కనపడదు, పైన తెల్లగా కనిపించేది చల్లబడి బొట్లయిన నీళ్లు. ఇంజన్ వెనక కూడా అంతే, వందల డిగ్రీల వేడి మీద ఉన్న వాయువు చల్లగాలితో కలిసి తెల్లబడటానికి సెకనులో కొంత భాగం పడుతుంది, ఆ లోపు విమానం కొన్ని పదుల మీటర్లు ముందుకెళ్లిపోతుంది.

ఇక మావాడి ప్రశ్నకొద్దాం. తోక రావాలంటే బయటి గాలి సుమారు మైనస్ 40 డిగ్రీల కంటే చల్లగా ఉండాలి. ఆ హద్దు ఖచ్చితంగా ఎక్కడనేది ఎత్తుని బట్టి, తేమని బట్టి, ఇంజన్‌ని బట్టి కొన్ని డిగ్రీలు అటూఇటూ జరుగుతుంది. దీని లెక్కని 1941లో జర్మనీలో ఎర్న్‌స్ట్ ష్మిట్ కట్టాడు, 1953లో అమెరికాలో హెర్బర్ట్ ఆపిల్‌మన్ దాన్ని పైలట్లూ వాతావరణం వాళ్లూ వాడుకునేలా చేశాడు, అందుకే ఇప్పటికీ ఇద్దరి పేర్లూ కలిపి చెప్తారు. సంవత్సరాలు చూస్తే కారణం తెలిసిపోతుంది, రెండో ప్రపంచయుద్ధంలో యూరప్ మీద బాంబర్లు గుంపులుగా వెళ్తుంటే ఈ తెల్లగీతలే శత్రువుకి ఆచూకీ ఇచ్చేసేవి, ఏ ఎత్తులో ఎగిరితే గీత రాదో తెలుసుకోవడం ప్రాణాలతో పని.

చెన్నై విషయంలో ఒక తమాషా ఉంది. పైకి పోయేకొద్దీ చలి అని అందరికీ తెలుసు, కానీ ఒకే ఎత్తులో యూరప్ మీద ఉన్నంత చలి మన మీద ఉండదు. పుస్తకాల్లో రాసే ప్రామాణిక లెక్క ప్రకారం 35,000 అడుగుల్లో మైనస్ 54 ఉండాలి, మన దక్షిణాదిన మాత్రం అదే ఎత్తులో దానికంటే పది డిగ్రీల వరకూ వెచ్చగా ఉంటుంది. అందుకే 32,000 అడుగుల్లో పోయే విమానం చుట్టూ మైనస్ 35 దగ్గర ఉంటే దానికి తోక రాదు, 39,000 అడుగుల్లో మైనస్ 50 దాటిపోతుంది కాబట్టి దానికి వస్తుంది. ఇంకో సంగతి, తూర్పుకి పోయేవాళ్లకి బేసి వేల అడుగులు, పడమటికి పోయేవాళ్లకి సరి వేల అడుగులు అని రూల్ ఉంటుంది, ఎదురెదురుగా వచ్చే విమానాలు ఒకే ఎత్తులో ఉండకుండా. మేం చూసిన రెండూ అలాగే ఉన్నాయి, తూర్పుకి 39, పడమటికి 32. కింద నుంచి చూస్తే ఒకే ఆకాశం లాగే ఉంటుంది గానీ ఆ రెండిటి మధ్య రెండు కిలోమీటర్ల పైనే తేడా ఉంది. కొండ కిందా కొండ పైనా వాతావరణం వేరుగా ఉంటే మనకి వింత అనిపించదు, ఆకాశంలో కొండ కనపడదు కాబట్టి ఇదొక మిస్టరీలా అనిపిస్తుంది, అంతే.

తోక వచ్చాక అది ఎంతసేపు ఉంటుందనేది పూర్తిగా వేరే ప్రశ్న, నాకు అన్నిటికంటే నచ్చిన భాగం కూడా ఇదే. కొన్నిసార్లు విమానం వెనక చిన్న తోకే ఉంటుంది, విమానంతో పాటే జరుగుతూ వెనక నుంచి ఆరిపోతుంటుంది. కొన్నిసార్లు ఒక అంచు నుంచి ఇంకో అంచుదాకా గీత పడి గంటల తరబడి ఉంటుంది, వెడల్పవుతుంది, పలచబడుతుంది, చివరికి మామూలు మబ్బుకీ దానికీ తేడా తెలియదు. విమానం ఒకటే అయినా ఇలా ఎందుకంటే, పైన గాలి పొడిగా ఉంటే మంచు పలుకులు ఎండలో తడిబట్ట ఆరినట్టు ఆరిపోతాయి, గాలిలో తేమ నిండుగా ఉంటే ఆరవు సరికదా పెరుగుతాయి. నిండుగా అంటే ఇక్కడ మంచు లెక్కలో నిండుగా, అంటే నీటి బొట్లు కట్టడానికి చాలకపోయినా మంచు పెరగడానికి సరిపడా. అంత చలిలో నీటి లెక్కలో 60–70 శాతం తేమ ఉన్నా చాలు, మంచు లెక్కలో 100 దాటేస్తుంది. అలా దాటిపోయిన గాలి కూడా మబ్బు కట్టకుండా ఊరికే ఉండగలదు, ఎందుకంటే మంచు పట్టుకోవడానికి అక్కడ సరైన నలుసులు దొరకవు.

ఇంట్లో పెరుగు తోడేస్తాం కదా. గోరువెచ్చటి పాలు గిన్నెడు ఉంటాయి, అందులో అరచెంచా మజ్జిగ వేస్తాం, తెల్లారేసరికి గిన్నెడు పెరుగు. ఆ గిన్నెడు పెరుగూ మనం వేసిన అరచెంచాలోంచి వచ్చింది కాదు, పాలలోంచే వచ్చింది. విమానం వేసేది తోడు. ఇంజన్‌లోంచి వచ్చే సన్నటి మసి నలుసుల చుట్టూ మొదటి మంచు పలుకులు కడతాయి, ఆ తర్వాత చుట్టూ ఉన్న తేమ వచ్చి వాటిని పట్టుకుంటుంది. నేను లెక్క వేసి చూశాను. పెద్ద రెండింజన్ల విమానం గంటకి ఏడు టన్నుల దాకా ఇంధనం తాగుతుంది, అంటే గంటకి ఎనిమిది తొమ్మిది టన్నుల నీళ్లు, గంటకి 900 కిలోమీటర్లు పోతుంది కాబట్టి కిలోమీటరుకి తొమ్మిది పది కిలోలు, మీటరుకి పది గ్రాములు కూడా ఉండవు. రెండు టీస్పూన్ల నీళ్లు! మీటరు పొడవుకి రెండు టీస్పూన్లు పోసుకుంటూ పోతే కిలోమీటర్ల వెడల్పు మబ్బు ఎలా తయారవుతుంది? తయారవదు. పెద్ద తోకల్లో ఉన్న మంచులో చాలా మటుకు అప్పటికే గాలిలో ఉన్న నీళ్లే. పాలు తోడుకునేలా ఉంటే తోడుకుంటాయి, లేకపోతే ఎంత మజ్జిగ వేసినా విరిగి ఊరుకుంటాయి.

అందుకే ఆకాశంలో అంచు నుంచి అంచుదాకా గీత నిలబడిందంటే పైన పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో తేమ ఉందని చెప్పొచ్చు. వాన వస్తుందని మాత్రం చెప్పలేం, చెన్నైలో వాన పడాలంటే కింద గాలి ఏం చేస్తోందనేది ముఖ్యం. తేమ ఉన్న పొరలు పైన అప్పడాల్లా పలచగా, వెడల్పుగా పరుచుకుని ఉంటాయి, ఒక్కోసారి కొన్ని వందల మీటర్ల మందమే. విమానం ఒక పొరలోంచి ఇంకో పొరలోకి వెళ్తే గీత మధ్యలో తెగినట్టు కనిపిస్తుంది, ముందు ఉంటుంది, మధ్యలో మాయమవుతుంది, మళ్లీ మొదలవుతుంది. అది చూసి స్విచ్ వేసి ఆపుతున్నారని అనుకునేవాళ్లున్నారు.

ఇరవై నిమిషాల తర్వాత మావాడు "ఇందాకటి గీత ఏది మామా?" అని వెతికాడు. అది సముద్రం వైపు జరిగిపోయింది, గీతలా కూడా లేదు, ఏకిన దూదిలా విడిపోయి ఒక పక్కకి పీచులు వేలాడుతున్నాయి. ఈ మార్పు మొదటి రెండు నిమిషాల్లోనే మొదలవుతుంది. విమానం రెక్కల చివర్ల దగ్గర గాలి రెండు పెద్ద సుడులుగా తిరుగుతుంది, ఇంజన్లలోంచి వచ్చిన మంచంతా ఆ రెండు సుడుల్లోకి చుట్టుకుంటుంది. నాలుగింజన్ల విమానానికి మొదట నాలుగు గీతలుండి కాసేపటికి రెండే మిగిలేది అందుకే. ఆ సుడులు ఒకదాన్నొకటి కిందికి తోసుకుంటూ కొన్ని వందల మీటర్లు దిగుతాయి, దిగేటప్పుడు గాలి ఒత్తుకుని కొంచెం వేడెక్కుతుంది, అక్కడ కొంత మంచు ఆరిపోతుంది. తర్వాత ఆ రెండు సుడులూ పాముల్లా మెలికలు తిరిగి అక్కడక్కడా ఒకదాన్నొకటి తాకి ముడిపడిపోతాయి, అప్పుడు గీత పూసల దండలాగో గొలుసు లాగో కనిపిస్తుంది. దీన్ని 1970లో క్రో అనే ఆయన గణితంలో వివరించాడు, ఆయన పేరుతోనే పిలుస్తారు. మీ ఫోన్ కెమెరా జూమ్ బాగుంటే ఈ ముడులు పడటం మీరే చూడొచ్చు, నేను ఒకసారి చూశాను, దండ తెగి రింగులు రింగులుగా విడిపోయింది, ఆ రోజంతా అదే కళ్లల్లో ఉంది.

ఆ తర్వాత పని గాలిది. పైన ఒక్కో ఎత్తులో గాలి ఒక్కో వేగంతో, ఒక్కో దిక్కుకి వీస్తుంది, అందుకే గీత పై అంచు ఒకవైపు పోతే కింది అంచు ఇంకోవైపు లాగబడుతుంది, అలా అది దుప్పటిలా పరుచుకుంటుంది. కొంచెం బరువెక్కిన మంచు పలుకులు కిందికి రాలుతుంటే వేలాడే పీచులవుతాయి. ఆషాఢ శ్రావణాల్లో మబ్బుల మధ్య సందు దొరికితే గీతలు పడమటికి కొట్టుకుపోవడం చూడొచ్చు, ఎందుకంటే ఆ నెలల్లో మన నెత్తిన చాలా ఎత్తులో తూర్పు నుంచి పడమరకి ఒక గాలి నది పారుతుంది, దాని నడిమధ్యలో వేగం గంటకి 100 కిలోమీటర్లు దాటుతుంది. దాని గురించి 1958లో ప్రపంచానికి వివరంగా చెప్పింది మన వాతావరణ శాఖ శాస్త్రవేత్త పంచేటి కోటేశ్వరం గారు. వానాకాలం గురించి ఇంత మాట్లాడుకుంటాం గానీ ఆయన పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? తెలియాలి.

రంగు, ఆకారం విషయంలో మన కళ్లు చేసే పొరపాట్లు కూడా ఉన్నాయి. మెరీనాలో పొద్దున్నే వాకింగ్‌కి వెళ్లేవాళ్లు సముద్రంలోంచి నిట్టనిలువుగా ఏదో లేచిందని ఫోటోలు పెడుతుంటారు. నిజానికి అది సింగపూర్ వైపు నుంచో మలేషియా వైపు నుంచో మన మీదికే వస్తున్న విమానం, నేలకి సమాంతరంగానే వస్తుంది, దూరం వల్ల నిలువుగా అనిపిస్తుంది. రైలు పట్టాలు మన ముందు నేల మీదే పరుచుకుని ఉన్నా దూరంగా చూస్తే పైకి లేచినట్టు ఉండవా, అలాగే. 11 కిలోమీటర్ల ఎత్తులో ఉన్నది, దుమ్మూ పొగమంచూ అడ్డం లేకపోతే, లెక్క ప్రకారం 370 కిలోమీటర్ల దూరం నుంచి కూడా కనపడాలి. ఇక సాయంత్రం మనకి సూర్యుడు దిగిపోయాక ఆ ఎత్తులో ఇంకో పదమూడు పధ్నాలుగు నిమిషాలు ఎండ ఉంటుంది, అందుకే కింద చీకటి పడుతుంటే పైన గీత నిప్పుకణికలా ఎర్రగా వెలుగుతుంది, అది మంట కాదు. అదే గీత సూర్యుడికి అడ్డం వస్తే నల్లగా కనిపిస్తుంది, దాని నీడ కింద ఉన్న పలచటి మబ్బు మీద పడితే నల్లటి గీత ఇంకోటి కనపడుతుంది, ఇది చూసి హడలిపోయినవాళ్లు కూడా నాకు తెలుసు.

మా కింది ఫ్లోర్ ఆంటీ మంచావిడ, ఏ సాయం కావాలన్నా ముందుంటుంది. ఆవిడ ఒకరోజు మెసేజ్ పంపింది, విమానాల్లోంచి విషం చల్లుతున్నారు, అందుకే జ్వరాలు వస్తున్నాయి, పిల్లల్ని మేడ మీదికి పంపకండి అని. నవ్వుకుని వదిలేసే విషయం కాదిది, ఆవిడ భయం నిజమైన భయం, మనవడి మీద ప్రేమతో పంపింది. నేను కిందికెళ్లి కూర్చుని చెప్పాను. ఆంటీ, ఆ మెసేజ్‌లో విమానం లోపల డ్రమ్ములున్న ఫోటో ఉంది కదా, అలాంటి డ్రమ్ముల్లో నీళ్లుంటాయి, కొత్త విమానాన్ని పరీక్షించేటప్పుడు ప్రయాణికుల బరువుకి బదులు పెడతారు, నీటిని ముందుకీ వెనక్కీ పంపి బరువు మారితే విమానం ఎలా ఉంటుందో చూస్తారు. 2016లో ఈ రహస్య చల్లుడు గురించి 77 మంది శాస్త్రవేత్తల్ని అడిగితే 76 మంది దానికి ఆధారం ఏమీ కనపడలేదన్నారు. ఆవిడ అన్నీ విని "మరి మా చిన్నప్పుడు ఇన్ని గీతలు లేవే అమ్మా?" అంది. మంచి ప్రశ్న అది. అప్పుడు విమానాలే తక్కువ, అదొక కారణం. ఇంకోటి ఇంజన్లు. కొత్త ఇంజన్లు ఇంధనంలోని శక్తిని ఎక్కువగా తోయడానికి వాడతాయి, బయటికి వదిలే వేడి తక్కువ, కానీ నీటి ఆవిరి మాత్రం కిలోకి అంతే వస్తుంది, దాంతో వెనకాల గాలి త్వరగా తడిసిపోయి కొంచెం తక్కువ చలిలోనే తోక కట్టేస్తుంది. జర్మనీ వాళ్లు పాత బోయింగ్ 707నీ కొత్త ఎయిర్‌బస్ ఏ340నీ పక్కపక్కన ఎగరేసి చూశారు, ఒక ఎత్తులో ఏ340కి తోక వచ్చింది, 707కి రాలేదు, 2000లో ఆ ఫలితం ప్రచురించారు. ఆంటీకి ఇది బాగా ఎక్కింది, గ్యాస్ స్టవ్ మంట మార్చి చూపించినట్టుంది అంది.

అన్ని గీతలూ ఒకటి కాదని కూడా చెప్పాలి, ముఖ్యంగా చెన్నైలో ఉండేవాళ్లకి. శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ లేస్తే మన మేడల మీద నుంచి కనిపిస్తుంది, దాని తెల్లటి దట్టమైన తోక మాత్రం నిజంగా పొగే, మొదటి దశలో ఘన ఇంధనం మండితే అల్యూమినియం ఆక్సైడ్ నలుసులు వస్తాయి. అది కాసేపటికి వంకరటింకర ముగ్గులా అయిపోవడం చూసి రాకెట్ దారి తప్పిందా అని కంగారు పడతారు, రాకెట్ తిన్నగానే వెళ్లిపోయి ఉంటుంది, నిలువుగా ఉన్న పొగని ఒక్కో ఎత్తులో ఒక్కో గాలి ఒక్కో వైపు లాగేస్తుంది. 2024 అక్టోబర్ 6న మెరీనాలో ఎయిర్ షో జరిగినప్పుడు చూసిన విన్యాసాల గీతలు వేరు, వాటిలో డీజిల్ లాంటి నూనెని కావాలనే వేడి వాయువులోకి వదిలి పొగ చేస్తారు. ఇక కార్తీక మాసంలో ముసురు పట్టినప్పుడు తిరుసూలం స్టేషన్ ప్లాట్‌ఫాం మీద నిలబడి దిగే విమానాల్ని చూడండి, రెక్క మీద ఉన్నట్టుండి తెల్లటి పొర మెరిసి పోతుంది, రెక్క అంచు నుంచి సన్నటి తాడు లాంటిది వెనక్కి సాగి తెగిపోతుంది. దానికి ఇంజన్‌తో పనే లేదు. రెక్క పైన ఒత్తిడి తగ్గి గాలి ఒక్కసారి చల్లబడితే మన చెన్నై ఉక్కపోతలోని తేమే బొట్లయిపోతుంది, రెక్క దాటగానే మళ్లీ ఆవిరైపోతుంది.

విషం లేదన్నంత మాత్రాన ఈ తోకల వల్ల ఏ నష్టమూ లేదని కాదు, ఇది ఆంటీకి కూడా చెప్పాను. అంతర్జాతీయ మేఘాల అట్లాస్‌లో 2017 నుంచి పది నిమిషాలకి మించి నిలిచిన తోకకి మనిషి వల్ల పుట్టిన సిర్రస్ అని అర్థమొచ్చే లాటిన్ పేరు పెట్టి అధికారికంగా మబ్బు హోదా ఇచ్చేశారు. ఆ పలచటి మంచు మబ్బు పగలు కొంత ఎండని వెనక్కి పంపుతుంది, కానీ నేల నుంచి పైకి పోయే వేడిని కూడా పట్టుకుంటుంది, రాత్రిపూట ఎండే ఉండదు కాబట్టి పట్టుకోవడం ఒక్కటే మిగులుతుంది. 2021లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం 2018 నాటికి ఈ తోకల మబ్బుల వల్ల భూమికి చదరపు మీటరుకి 57 మిల్లీవాట్ల వేడి, విమానాల కార్బన్ డయాక్సైడ్ వల్ల 34 మిల్లీవాట్లు అని అంచనా కట్టింది. తోకల అంకెలో అటూఇటూ తేడాకి చాలా అవకాశం ఉందని వాళ్లే చెప్పారు, పైగా తోక గంటల్లో పోతుంది, కార్బన్ డయాక్సైడ్ వందల ఏళ్లు ఉంటుంది, రెండిటినీ ఒకే తక్కెడలో వేయకూడదు. అయినా నాకు ఆశ కలిగించేది ఏంటంటే, జపాన్ గగనతలం మీద 2020లో చేసిన లెక్కలో ఈ వేడిలో 80 శాతం కేవలం 2.2 శాతం విమానాల వల్లే అని తేలింది. అంటే అన్ని విమానాలూ దారి మార్చుకోనక్కర్లేదు, ఆ తేమ పొరలోకి వెళ్లే కొన్ని రెండువేల అడుగులు పైకో కిందికో జరిగితే చాలు. 2023లో గూగుల్, అమెరికన్ ఎయిర్‌లైన్స్ కలిసి 70 ట్రిప్పుల్లో ఇది చేసి చూసి తోకలు 54 శాతం తగ్గాయని చెప్పారు, కొంత ఇంధనం ఎక్కువ కాలింది గానీ. మనది ఉష్ణమండలం, మన మీద గాలి వేరు, ఇలాంటి లెక్కలు మన ఆకాశం మీద కూడా మనవాళ్లే బాగా వేయాలని నా కోరిక.

మీరే చూసుకోవాలంటే ఒక దారుంది. వాతావరణ శాఖ వాళ్లు మీనంబాక్కం నుంచి రోజుకి రెండుసార్లు, ఉదయం ఐదున్నర, సాయంత్రం ఐదున్నర లెక్కకి బెలూన్ వదులుతారు, అది ఎత్తు ఎత్తుకీ చలీ తేమా గాలీ కొలుచుకుంటూ పోతుంది, ఆ అంకెలు వయోమింగ్ యూనివర్సిటీ సైట్‌లో ఉచితంగా ఉంటాయి, స్టేషన్ నంబర్ 43279. మావాడు ఉన్న మిగతా మూడు రోజులూ మేం అదే చేశాం, ముందు అంకెలు చూసి ఏ ఎత్తులో మైనస్ 45 దాటుతోందో నోట్‌బుక్‌లో రాసుకుని, తర్వాత మేడెక్కి విమానం కనపడగానే వాడు ఫ్లైట్‌రాడార్‌లో ఎత్తు చదివి తోక ఉంటుందో ఉండదో ముందే చెప్పేవాడు. పదకొండు విమానాల్లో తొమ్మిది కరెక్ట్ చెప్పాడు. తప్పిన రెండూ హద్దు దగ్గరవే, ఒకటి 36,000 అడుగులు, ఇంకోటి 37,000. వాటి పక్కన ప్రశ్నార్థకం పెట్టుకుని నోట్‌బుక్ తీసుకుని నెల్లూరు వెళ్లిపోయాడు.